బొటనవేలికి ఒకటో అంకె

పుస్తకం తెరవగానే రెండు చేతుల బొమ్మ. ప్రతి వేలి కొసనా ఒక అంకె. చిటికెనవేలు ఐదు, ఉంగరపు వేలు నాలుగు, నడిమి వేలు మూడు, చూపుడు వేలు రెండు, బొటనవేలు ఒకటి. కుడిచేతికి ఇదే లెక్క, ఎడమచేతికీ ఇదే లెక్క. పియానో నేర్పే పుస్తకం అన్నిటికన్నా ముందు చెప్పే సంగతుల్లో ఇదొకటి.

ఆ బొమ్మ పక్కన తన చేతులు పరిచి, నలభయ్యో ఏటనో యాభయ్యో ఏటనో, వేళ్లు లెక్కపెట్టుకునే మనిషీ, నీకు నమస్కారం. నిజాంసాగర్ నీళ్లు కాలువలై పారే బాన్సువాడలో, రైస్‌మిల్లు మోత ఆగాక, ఆఖరి బస్సు డిపోకు చేరాక, పిల్లలు పడుకున్నాక, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కీబోర్డు ముందు కూర్చునే టీచరమ్మా, మందుల దుకాణం అన్నా, టికెట్లు కొట్టి కొట్టి వచ్చిన కండక్టరు తమ్ముడూ, వరి కోతల లెక్కలు ముగించుకొచ్చిన రైతు బాపూ, మీ అందరి పేరిట ఈ స్తుతి. పుస్తకం పియానోది. ఇంట్లో ఉన్నది అరవై ఒక్క మెట్ల కీబోర్డు. ఏ కంపెనీది కొన్నా ఇరుగుపొరుగు దాన్ని క్యాసియో అనే అంటారు. అయినా మెట్ల వరస అదే. స్వరం అదే. మొదటి పాఠం అదే.

గురువు లేని విద్య అనగానే మనకు ఏకలవ్యుడు గుర్తుకొస్తాడు. మట్టితో ద్రోణుణ్ణి చేసుకుని, ఆ బొమ్మ ఎదుట విల్లు పట్టి, అర్జునుడికే గుబులు పుట్టేంత నేర్చాడు. ఆ తర్వాతి సంగతి ఆదిపర్వంలో ఉంది. గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు పోయింది. తరతరాలుగా ఆ కథ వింటూ పెరిగిన మనకు ఒక బెరుకు మిగిలింది. ఎవరూ కూర్చోబెట్టి చెప్పని విద్య మనంతట మనం నేర్చుకుంటే ఏదో ఒకటి కోల్పోతామేమోనన్న బెరుకు.

కాగితపు గురువా! నువ్వు బొటనవేలు అడగవు. దాన్నే ముందు పిలుస్తావు, దానికే ఒకటో అంకె ఇస్తావు. నీ ఎదుట కులం ఊసు లేదు, వయసు ఊసు లేదు. ఒకే పాఠం నూరుసార్లు అడిగినా విసుక్కోవు. రాత్రి పదకొండుకు తెరిచినా, పండగ సెలవులయ్యాక తెరిచినా, ఏ పేజీలో వదిలేశామో ఆ పేజీలోనే ఉంటావు. ఇన్నాళ్లూ ఏం చేశావని అడగవు. నీకు తొలి దండం.

ఈ నేలమీద బొటనవేలికి ఇంకో కథ కూడా ఉంది. మన తాతలు, నాయనమ్మలు ఆ వేలిని సిరాలో అద్ది కాగితాల మీద నిశాని వేశారు. ఏం రాసి ఉందో తెలియదు, చదివి చెప్పేవాడు నిజం చెబుతున్నాడో లేదో తెలియదు. వేలు మాత్రం ముందుకు చాచాలి. 1978 అక్టోబరు 2న దేశమంతటా వయోజన విద్యా కార్యక్రమం మొదలైంది. 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. రాత్రి బడుల్లో, కందిలి వెలుతురులో, పలక ఒళ్లో పెట్టుకుని ముసలమ్మలు మనవడి వయసు పిల్లవాడి దగ్గర అఆలు దిద్దారు. పొద్దంతా నాట్లు వేసిన వేళ్లతోనే బలపం పట్టారు. గీత వంకర పోతే తుడిచి మళ్లీ గీశారు. ఒకనాడు సిరాడబ్బా పక్కకు జరిపి, వణుకుతూనే తమ పేరు తాము రాసుకున్నారు.

నడివయసు విద్యార్థీ! నువ్వు ఆ తల్లుల వారసుడివి, ఆ తల్లుల వారసురాలివి. పెద్దయ్యాక మొదటి అక్షరం దిద్దడానికి ఎంత గుండె కావాలో వాళ్లు చూపించారు. లోకం ముందు ఒక పనిలో ఆరితేరిన మనిషివి నువ్వు. లెక్క తప్పని మనిషివి, నలుగురికి సలహా చెప్పే మనిషివి. ఆ పేరంతా గది బయట వదిలి, ఏమీ రాని మనిషిగా మెట్ల ముందు కూర్చోవడానికి ఒప్పుకున్నావు. పిల్లలకు ఈ కష్టం లేదు, వాళ్లకు అన్నీ కొత్తే. నీకు మాత్రం మంచి సంగీతం ఎలా ఉంటుందో తెలుసు, నీ వేళ్ల కింద పలికేది ఎలా ఉందో కూడా తెలుసు. ఆ రెంటి మధ్య దూరం రోజూ వింటూ, రోజూ కూర్చోవడం చిన్న ధైర్యం కాదు.

ఐరోపాలో కూడా బొటనవేలు చాలాకాలం వాకిట్లోనే నిలబడింది. జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ చిన్నతనంలో పేరుమోసిన వాద్యకారులు సైతం, దూరపు మెట్టు అందుకోవలసి వస్తే తప్ప, ఆ వేలు వాడేవారు కాదట. తండ్రి నోట విన్న ఈ మాటను కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయేల్ బాఖ్ 1753లో అచ్చయిన తన వాద్యబోధినిలో రాసిపెట్టాడు. పెద్ద బాఖ్ ఆ వేలికి పని చెప్పాడు, దాన్ని మిగతా వేళ్ల సరసకు తెచ్చాడు. అయినా 19వ శతాబ్దంలో ఇంగ్లండులో అచ్చయిన పియానో పుస్తకాల్లో చూపుడువేలే ఒకటి, నడిమివేలు రెండు. బొటనవేలికి అంకె లేదు, ఒక కూడిక గుర్తు మాత్రం ఉండేది. అక్కడ సంతకం రాని మనిషి కాగితం మీద పెట్టే గుర్తే దానికీ దక్కింది. ఇవాళ నీ పుస్తకంలో ఆ వేలి కొసన కనిపించే చిన్న ‘ఒకటి’ అంత దూరం నడిచి వచ్చింది.

ఒకటో వేలు ఎక్కడ కూర్చుంటుందో చూడు. మెట్ల వరస నడుమ, జంట నల్లమెట్లకు ఎడమపక్కన ఉన్న తెల్లమెట్టు మీద. పుస్తకం దాన్ని మిడిల్ సి అంటుంది. భజన మందిరంలో హార్మోనియం వాయించే పెద్దాయనను అడిగితే అది ఒకటి శ్రుతి అంటాడు. దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర, ఆ తర్వాతి తెల్లమెట్టు రెండు, అలా ఏడు దాకా. మన ఊళ్లలో పద్యం ఎత్తుకునేవాళ్లు, కీర్తన పాడేవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఇదే లెక్కతో తమ గొంతుకు సరిపడే మెట్టు చెప్పుకుంటున్నారు. ఒకటో వేలు ఒకటో శ్రుతి మీద కూర్చుంది. ఇంత సరిగ్గా కుదిరిన ముహూర్తం ఇంకేం కావాలి?

చాలా పుస్తకాల్లో మొదటి పాఠం నాడు రెండు బొటనవేళ్లూ ఈ ఒక్క మెట్టునే పంచుకుంటాయి. అక్కడి నుంచి కుడిచేయి కుడివైపు పరుచుకుంటుంది, ఎడమచేయి ఎడమవైపు. కాగితం మీద పైన ఐదు గీతలు, కింద ఐదు గీతలు. ఆ రెంటి నడుమ, తనకంటూ ఓ చిన్న గీత గీసుకుని, ఈ స్వరం.

ఐదు వేళ్లు ఐదు మెట్ల మీద పెడితే స రి గ మ ప పలుకుతాయి. బెథోవెన్ 1824లో లోకానికి వినిపించిన తొమ్మిదో సింఫనీలోని ఆనందగీతం వరస దాదాపుగా ఆ ఐదు స్వరాల్లోనే ఇమిడిపోతుంది. అందుకే ఆ బాణీ తొలి పాఠాల్లోనే ఎదురవుతుంది. చెవుడు వచ్చాక ఆ మహానుభావుడు కట్టిన పాట, పొద్దున మందుల చీటీలు చదివిన వేళ్ల కింద, తడబడుతూ, మెల్లగా, అయినా గుర్తుపట్టేలా పలుకుతుంది. ఆ క్షణానికి జయం.

మరి ద, ని, పై స? వేళ్లు అయిపోయాయి. ఇక్కడ పుస్తకం తన గొప్ప రహస్యం విప్పుతుంది. ఒకటి, రెండు, మూడు వేళ్లు స రి గ నడిచాక, మూడో వేలు ఇంకా గాంధారం మీద ఉండగానే, బొటనవేలు అరచేతి కిందుగా దాటి మధ్యమం అందుకోవాలి. ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు నాలుగు ఐదు. ఐదు వేళ్లు ఎనిమిది స్వరాలయ్యేది ఆ ఒక్క దాటుతోనే. మోచెయ్యి ఎగరకూడదు, మణికట్టు బిగుసుకోకూడదు. మిగతా వేళ్లు కొసతో మెట్టును తాకితే ఇది గోరు పక్క అంచుతో తాకాలి. బరువైన వేలు కాబట్టి దబ్బున పడాలని చూస్తుంది, దాన్ని తేలిక చేసుకోవాలి. వారాలు పడుతుంది. పట్టనీ.

తెల్లమెట్లు మాత్రమే ఉన్న ఈ వరస చదవడానికి సులువు, చేతికి కష్టం అని పియానో స్వరకర్త షోపాన్ అనేవాడు. పొడుగు వేళ్లు నల్లమెట్ల మీద, పొట్టివేళ్లు తెల్లమెట్ల మీద వాలే వరసలతో ఆయన పాఠం మొదలుపెట్టేవాడు. తానూ ఓ పియానో బోధిని రాయబూనుకుని, అది పూర్తి కాకుండానే 1849లో కన్నుమూశాడు. అంతటివాడే కష్టమన్న వరసతో నీ పుస్తకం నిన్ను నడిపిస్తోంది. నీ వేళ్లు మొరాయిస్తే తప్పు నీ వయసుది కాదు. ఉంగరపు వేలు విడిగా లేవనంటే దానికీ కారణం ఉంది, చేతి వెనక దాని స్నాయువు పక్కవేళ్ల స్నాయువులతో ముడిపడి ఉంటుంది. పిల్లలకూ అంతే, పండితులకూ అంతే.

ఎడమచెయ్యీ! ఇప్పుడు నీ స్తుతి. ఇచ్చిపుచ్చుకునేచోట నిన్ను చాపనివ్వరు. పళ్లెం దగ్గర నిన్ను దూరంగా ఉంచుతారు. బొట్టు పెట్టడానికి నువ్వు పనికిరావు, అక్షింతలు వేయడానికి నువ్వు పనికిరావు. హార్మోనియం దగ్గరికి వచ్చినా నీకు రాసిపెట్టింది గాలి కొట్టే పనే. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలమీద కూర్చుని వాయించే చేతి హార్మోనియం తయారుచేశాడు. అప్పటి నుంచి మన భజనల్లో, నాటకాల్లో, చిందు యక్షగానాల్లో కుడిచేయి పాడుతుంటే నువ్వు ఊపిరి పోస్తూ వచ్చావు. నువ్వు లేనిదే స్వరం లేదు, స్వరంలో నీ పేరు లేదు.

పియానో పుస్తకం నిన్ను కుడిచేతి పక్కన సమానంగా కూర్చోబెట్టింది. నీ వేళ్లకూ అవే అంకెలు. నీకూ ఐదు గీతల ఇల్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న పియానో వాద్యకారుడు పాల్ విట్గెన్‌స్టైన్ కోసం స్వరకర్త రావెల్ కేవలం ఎడమచేతితో వాయించే కన్‌చెర్టో రాశాడు. 1932లో వియన్నాలో ఆ ఒంటిచేతి సంగీతం వేదిక నిండా మోగింది. నీకు అంత శక్తి ఉంది. యాభయ్యేళ్ల పాటు ఎవరూ అడగలేదు, అంతే.

ఏ చేతికి ఆ చేతి పాఠం వచ్చాక, రెండూ కలిపిన మొదటి రోజు అంతా కూలిపోతుంది. కుడిచేయి ఆగితే ఎడమచేయీ ఆగుతుంది. ఒకటి గట్టిగా మోగితే రెండోదీ గట్టిగా మోగుతుంది. కొత్తగా సైకిల్ ఎక్కినవాడికి పెడలు, హ్యాండిలు, బ్రేకు ఒక్కసారే గుర్తుండనట్టు. అప్పుడు పుస్తకం చెప్పేది ఒక్కటే, నెమ్మదించు. నిలువు గీతల నడుమ ఉన్న గళ్లు రెండు మాత్రమే తీసుకో. తప్పు రానంత నిదానంగా వాయించు. వేళ్లు తప్పునీ ఒప్పునీ ఒకే శ్రద్ధతో గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి వాటికి ఒప్పే అలవాటు చెయ్యి. రాత్రి ఎంతకీ రానిది పొద్దున లేచాక ఒక్కోసారి దానంతటదే వచ్చేస్తుంది, నిద్రలో కూడా మెదడు పాఠం చదువుకుంటుంది. ఈ నిదానం పెద్దవాళ్లకు దక్కిన వరం. విత్తనానికీ పంటకూ మధ్య ఎన్ని నెలలుంటాయో తెలిసిన ఊరు ఇది. 1923లో మొదలైన నిజాంసాగర్ ఆనకట్ట 1931 దాకా కట్టారు, ఆ తర్వాతే ఈ పొలాలకు నీళ్లొచ్చాయి. ఎదురుచూడటం ఇక్కడి మట్టికి తెలుసు.

పుస్తకం పరాయి భాషలో ఉండొచ్చు. మెట్లు మాత్రం మనవే. ఒకటి శ్రుతి నుంచి తెల్లమెట్ల మీదే నడిస్తే అది శంకరాభరణం. అవే తెల్లమెట్లు, రెండో దాన్ని షడ్జమం చేసుకో, ఖరహరప్రియ. మూడో దాన్ని చేసుకో, హనుమతోడి. నాలుగో దాని నుంచి మేచకల్యాణి, ఐదో దాని నుంచి హరికాంభోజి, ఆరో దాని నుంచి నఠభైరవి. ఒక్క నల్లమెట్టూ తాకకుండా ఆరు మేళకర్తలు! ఇక నల్లమెట్ల వైపు చూడు. నాలుగున్నర నుంచి ఎత్తుకుంటే మోహనం. ఐదున్నర నుంచి మధ్యమావతి. ఆరున్నర నుంచి హిందోళం. ఒకటిన్నర నుంచి శుద్ధసావేరి. రెండున్నర నుంచి శుద్ధధన్యాసి. ఐదు నల్లమెట్లు ఐదు రాగాల గుమ్మాలు. 1700 నాటికే ఫ్లారెన్సులో బార్తొలొమియో క్రిస్తోఫొరి మెత్తగానూ గట్టిగానూ పలికే ఈ పియానో తయారుచేశాడు. మన రాగాలు ఆయనకు తెలియవు. అయినా ఆయన మెట్ల మీద అవి హాయిగా కూర్చున్నాయి.

నిజమే, పియానో గమకం పలకదు. సుత్తి తీగను ఒకసారి తాకి వెనక్కి వస్తుంది. ఆ తర్వాత స్వరాన్ని ఊపడానికీ జార్చడానికీ దారి లేదు. తోడిలో గాంధారం ఊగాల్సినట్టు ఊగదు. ఆ దిగులూ అక్కర్లేదు, ముత్తుస్వామి దీక్షితులు మనకోసం నొట్టుస్వరాలు వదిలి వెళ్లారు. ఇంగ్లీషు బ్యాండ్ల బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చిన చిన్న చిన్న రచనలవి. శంకరాభరణ స్వరాలే, గమకాలు లేవు. ‘సంతతం పాహిమాం’ ఇంగ్లండు రాజగీతం బాణీలోనే ఉంటుంది. సముద్రం దాటి వచ్చిన ఆ వరసలు మన ఇంట్లో దేవుళ్ల పాటలయ్యాయి. నీ కుడిచేతికి ఇంతకన్నా దగ్గరి చుట్టాలు దొరకరు.

పుస్తకం పెట్టుకుని సంగీతం నేర్వడం మనకు కొత్తేం కాదు. పురందరదాసు సరళీ వరసలతో మొదలై జంట వరసలు, అలంకారాలు, గీతాలు అంటూ మెట్టు మెట్టుగా ఎక్కించే పద్ధతి పియానో బోధినుల కన్నా పాతది. 19వ శతాబ్దంలో మద్రాసులో తచ్చూరు సింగరాచార్య సోదరులు స్వరమంజరి, గాయకపారిజాతము వంటి పాఠ్యగ్రంథాలు తెలుగులో అచ్చువేశారు. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలోనే వచ్చింది. గురువు నోట మాత్రమే ఉండే స్వరాన్ని కాగితం మీదికి దింపడం విద్యను చిన్నబుచ్చడం కాదని ఆ పెద్దలకు తెలుసు. రేపెవరో ఒకరు తలుపు తడతారని, ఆ వచ్చేవాళ్ల ఇంటి దగ్గర గురువు ఉండకపోవచ్చని వాళ్లు ముందే తలచారు. నిన్నే తలచారు.

పుస్తకం చేయలేని పని ఒకటుంది. అది వినలేదు. ఆ లోటు నీ చెవులు తీర్చాలి. ఫోనులో రికార్డు చేసుకుని మర్నాడు విను. వాయించేటప్పుడు వినపడని తొందర అప్పుడు వినపడుతుంది. ఊరి చెవులు కూడా అడిగి తీసుకో. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించే పిల్లవాణ్ణి అడుగు, వాడి వేళ్లకు తెలిసిన స్వరాల జోడింపు ఏ పేజీలోనూ దొరకదు. భజన మందిరం హార్మోనియం పెద్దాయనను అడుగు, కళ్లు మూసుకుని నీ స్వరం ఎక్కడ తప్పిందో చెబుతాడు. చిందు యక్షగాన కళాకారిణి చిందుల ఎల్లమ్మ ఆడిపాడిన ఉమ్మడి నిజామాబాద్ జిల్లా నేల ఇది. అడిగితే చెప్పేవాళ్లకు కొదవలేదు.

ఇక ఫలశ్రుతి. ఈ విద్య రోజూ కొంచెం కొంచెం సాధన చేసినవారికి, పుస్తకం చివరి పేజీకి వచ్చేసరికి, రెండు చేతులూ రెండు వేర్వేరు మాటలు చెబుతూ ఒకే పాట పాడతాయి. కాగితం మీది చుక్కలు చూడగానే చెవిలో స్వరం పలుకుతుంది. సినిమా పాటలో వెనక ఎక్కడో నడిచే పియానో ఇకమీదట విడిగా వినపడుతుంది. పిల్లలు లెక్క తప్పి ఏడుస్తుంటే వాళ్ల మీద కోపం రాదు, నేర్చుకునేవాళ్ల బాధ నిన్న రాత్రే అనుభవించిన మనిషికి కోపం ఎలా వస్తుంది? ఇంట్లో అమ్మానాన్నలు కూడా విద్యార్థులేనని చూసిన పిల్లలు చదువును పరీక్షలతో ముగిసిపోయే పనిగా చూడరు. కచేరీలు రాకపోవచ్చు, సర్టిఫికెట్లు రాకపోవచ్చు. వాటికోసం నువ్వు కూర్చోలేదు.

బాన్సువాడలోనో, బీర్కూరులోనో, వర్ని క్యాంపుల్లోనో, పిల్లల కోసం కొని వాళ్లు హాస్టలుకు వెళ్లాక గుడ్డ కప్పిన కీబోర్డు మీ ఇంట్లో కూడా ఉంటే, అక్కా, అన్నా, అది మీదే అనుకోండి. గుడ్డ తీయండి. పుస్తకం తెప్పించండి. ఆలస్యమైందని ఎవరైనా అంటే, సంతకం నేర్చిన నాయనమ్మ పేరు చెప్పండి. రేపు నేర్చుకునే పాట కోసం ఇవాళే కూర్చోవాలి, రెండు చేతులతో కూర్చోవాలి.